నేను చంపేశానా, డాక్టరుగారూ?

(పెంపుడు జంతువులను పోగొట్టుకున్న కుటుంబాల కోసం ఒక పట్టణ గ్రంథాలయంలో జరిగిన సమావేశంలో, ఒక విశ్రాంత పశువైద్యురాలు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఫైళ్ళు, మందుల చీటీలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాళ్ళకు ముందుగా ఒక మాట. వాటిని తెమ్మని చెప్పించింది నేనే. ఎందుకో చివర్లో చెబుతాను. అప్పటిదాకా జాగ్రత్తగా ఉంచుకోండి.

ప్రభుత్వ పశువైద్యశాలల్లో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. ఆవులు, గేదెలు, మేకలతో మొదలైన ఉద్యోగం చివరి పదేళ్ళు పట్టణంలో కుక్కలతో, పిల్లులతో గడిచింది. కళాశాలలో ఎవరూ నేర్పని ఒక విషయం నాకు అక్కడ ఎదురైంది. జంతువు చనిపోయిన వారానికో, పదిరోజులకో ఆ ఇంటివాళ్ళు మళ్ళీ ఆసుపత్రికి వస్తారు. చేతిలో గొలుసు ఉండదు, బుట్ట ఉండదు. మడతలు పడిన పాత చీటీ ఒకటి ఉంటుంది. వరుసలో అందరూ అయిపోయేదాకా గోడకు ఆనుకుని నిలబడతారు. నా బల్ల దగ్గర ఎవరూ లేరని చూసుకుని వచ్చి, "ఒక్క మాట అడగాలి మేడం" అంటారు. ఆ ఒక్క మాట ఒక్కొక్కరి నోట ఒక్కో రకంగా వస్తుంది. రెండు రోజులు ముందు తెచ్చి ఉంటే బతికేవాడా? ఆ రోజు గేటు వేసి ఉంటే? ఆ ఇంజెక్షనుకు నేను ఒప్పుకోకుండా ఉండాల్సిందా? అన్నింటి అడుగునా ఉన్న ప్రశ్న మాత్రం ఒక్కటే. నేను చంపేశానా?

చాలా ఏళ్ళు నా దగ్గర దానికి ఒకే జవాబు ఉండేది. "మీ తప్పేమీ లేదమ్మా, దాని ఆయుష్షు అంతే." మంచి మనసుతోనే అనేదాన్ని. వాళ్ళు తలూపి వెళ్ళిపోయేవారు. నెల తర్వాత బజారులో కనిపిస్తే ముఖం అలాగే ఉండేది. ఆలోచించగా ఆలోచించగా తెలిసింది, వాళ్ళు అడిగింది నేను విననేలేదని. ఎంతో ధైర్యం కూడగట్టుకుని లోపలి బరువును తెచ్చి నా బల్లమీద పెడితే, విప్పి చూడకుండానే తిరిగి వాళ్ళ చేతికి ఇచ్చేశాను. ఆ మాట ఇప్పుడు మానేశాను. "కూర్చోండి, మొదటి రోజు నుంచి ఏం జరిగిందో చెప్పండి" అంటాను.

అలా కూర్చోబెట్టి విన్న మొదటి మనిషి ఒక బడి పంతులమ్మ. వాళ్ళ పిల్లికి ఒళ్ళు వేడిగా ఉంటే, ఇంట్లో పిల్లలకు వేసే పారాసెటమాల్ మాత్రలో సగం పాలలో కలిపి తాగించారు. పిల్లి కాలేయంలో ఆ మందును విరిచి బయటికి పంపే ఎంజైము చాలా తక్కువ. మనకు జ్వరం తగ్గించే మాత్ర దాని రక్తాన్ని ప్రాణవాయువు మోయలేనిదిగా మార్చేస్తుంది. చిగుళ్ళు మట్టిరంగుకు తిరుగుతాయి, మొహం వాస్తుంది. ఆమె తీసుకొచ్చేసరికి ఆలస్యమైపోయింది. పది రోజుల తర్వాత వచ్చి అడిగారు, "మాత్ర వల్లేనా?" అని.

"కాదు" అని చెప్పవచ్చు. చేతిలో ఫోను ఉన్న మనిషి ఆ అబద్ధాన్ని ఐదు నిమిషాల్లో కనిపెడుతుంది. అప్పుడు ఆమె దుఃఖంలో ఒంటరితనం కూడా కలుస్తుంది, డాక్టరు కూడా నిజం చెప్పలేదని. అందుకని చెప్పాను. "అవునమ్మా, మాత్ర వల్లే. మీరు దాన్ని మందు అనుకుని ఇచ్చారు. మీ పిల్లలకు జ్వరం వస్తే ఏ చేత్తో ఏ మందు ఇస్తారో, అదే చేత్తో అదే మందు ఇచ్చారు. పిల్లి శరీరం వేరని మీకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన వాళ్ళలో నేనూ ఉన్నాను." ఆమె చాలాసేపు ఏడ్చారు. వెళ్ళేముందు, ఆసుపత్రి గోడమీద ఈ సంగతి రాయించండి, ఖర్చు నేను పెట్టుకుంటాను అన్నారు. రాయించాం. "పిల్లులకు పారాసెటమాల్ వేయరాదు" అని నీలిరంగు అక్షరాలతో ఆ గోడమీద చాలా కాలం ఉంది.

ఆమె నాకు నేర్పిన భేదం ఇది. కారణం కావడం ఒకటి, దోషం చేయడం మరొకటి. దుఃఖంలో ఉన్న మనసు ఈ రెంటినీ కలిపేస్తుంది. "నా చేతిమీదుగా జరిగింది" అన్నది నిజం కావచ్చు. "నేను నేరం చేశాను" అనడానికి అది ఒక్కటే సరిపోదు. తెలిసి చేశానా, తెలుసుకునే అవకాశం ఉండి కూడా పట్టించుకోలేదా అని విడిగా అడగాలి. నిజాయితీగా అడిగితే చాలామందికి లేదనే జవాబు వస్తుంది. కొందరికి అవుననీ వస్తుంది. వాళ్ళ సంగతి దాటవేయను, దానికి వస్తాను.

"ముందే ఎందుకు కనిపెట్టలేకపోయాను" అనేది అందరికంటే ఎక్కువమంది అడిగేది. ఇందులో జంతువు స్వభావం కొంత తెలుసుకోవాలి. జబ్బును దాచడం వాటికి పుట్టుకతో వచ్చిన విద్య. అడవిలో నీరసం కనబరచిన జంతువు వేటగాడి కంట పడుతుంది. పిల్లులైతే ఇందులో ఆరితేరినవి. మూత్రపిండాల జబ్బునే చూడండి. వాటి పనిలో దాదాపు నాలుగింట మూడు వంతులు పోయేదాకా రక్తపరీక్షలో క్రియాటినిన్, అంటే మూత్రపిండాలు వడకట్టి పంపాల్సిన వ్యర్థం, పెరగదు. అంటే మీరు కిందటి నెలలో పరీక్ష చేయించి ఉన్నా కాగితం మీద అంతా బాగానే కనిపించి ఉండవచ్చు. పెద్దజాతి కుక్కల్లో ప్లీహానికి వచ్చే ఒక రకం కణితి ఉంటుంది. ఉదయం బంతి వెనక పరుగెత్తిన కుక్క సాయంత్రానికి కూలిపోతుంది. లోపల కణితి పగిలి రక్తం పోయేదాకా యజమానికి తెలియడానికి బయట ఏ గుర్తూ ఉండకపోవచ్చు.

రెండో సంగతి మన మనసుది. 1975లో బరూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రయోగాలు చేసి చూపించాడు. ఒక కథకు ముగింపు తెలిసిపోయాక, అది ముందునుంచీ తెలుస్తూనే ఉన్నట్టు మనుషులకు తోస్తుంది. ముగింపు చెప్పకుండా అదే కథ వినిపిస్తే వాళ్ళకు అలా తోచదు. మీరు ఇప్పుడు రాత్రిళ్ళు పడుకుని తలచుకునే ఆ చివరి వారం, మీరు నిజంగా గడిపిన వారం కాదు. మంగళవారం అన్నం సగం వదిలేసింది అన్నది ఇప్పుడు పిడుగులా వినిపిస్తోంది. ఆ మంగళవారం మాత్రం అది అన్నం సగం వదిలేసిన ఒక మామూలు పూట. అంతకుముందు ఇరవైసార్లు వదిలేసింది, ఇరవైసార్లూ మర్నాడు తినేసింది.

ఇక ఇంజెక్షను. కారుణ్య మరణం అని కాగితాల్లో రాస్తాం. ఇళ్ళలో ఆ మాట ఎవరూ వాడరు, "ఇంజెక్షన్ ఇప్పించేశాం" అంటారు. ఆ తర్వాత గొంతు తగ్గిపోతుంది. దీని గురించి ఈ రోజు వివరంగా చెప్పాలనే వచ్చాను. వివరం తెలియకపోవడం వల్లే చాలామంది ఏళ్ళ తరబడి నలిగిపోతున్నారు.

మొదట మత్తు ఇస్తాం. అది పడుకున్నాక నరంలోకి మత్తుమందే, ఆపరేషనుకు వాడేదానికన్నా చాలా ఎక్కువ మోతాదులో ఇస్తాం. ముందు స్పృహ పోతుంది. తర్వాత ఊపిరి ఆగుతుంది, ఆ తర్వాత గుండె. క్రమం ఇదే. నొప్పి తెలియాలంటే ఉండాల్సిన స్పృహ అన్నిటికన్నా ముందు పోతుంది. కళ్ళు మాత్రం మూసుకోవు. రెప్ప మూయడానికి కండరం పనిచేయాలి. అది ఆగిపోయాక కళ్ళు తెరుచుకునే ఉంటాయి. ఒక్కోసారి గుండె ఆగిన నిమిషం తర్వాత ఒకటి రెండుసార్లు గట్టిగా ఊపిరి పీల్చినట్టు కదలిక వస్తుంది. కాలు వణుకుతుంది, మూత్రం పోతుంది. అవి నరాల్లో మిగిలిన కదలికలు. ఒక పెద్దాయన, పదమూడేళ్ళ లాబ్రడార్‌ను పోగొట్టుకున్నాయన, నాలుగేళ్ళ తర్వాత నన్ను అడిగారు. "వాడు చివర్లో నన్ను చూశాడమ్మా. ఊపిరి కూడా పీల్చాడు. బతకాలనుకున్నాడేమో, నేను ఆపలేదు" అని. నాలుగేళ్ళు! ఆ ఇంజెక్షను ఇచ్చిన డాక్టరు ఈ నాలుగు ముక్కలు ముందుగా చెప్పి ఉంటే ఆయనకు ఆ నాలుగేళ్ళు ఉండేవి కావు. ఇక్కడ నా తోటి వైద్యులు ఎవరైనా ఉంటే చేతులు జోడించి అడుగుతున్నాను. ఇంజెక్షనుకు ముందు, సూది బయటికి తీయకముందే, ఇవి చెప్పండి.

తొందరపడ్డానా అని కొందరు అడుగుతారు, ఆలస్యం చేసి బాధపెట్టానా అని కొందరు. ఒక్కోసారి ఒకే మనిషి రెండూ అడుగుతాడు. సరైన రోజునే చేశాను అని నిబ్బరంగా చెప్పినవాళ్ళు నాకు తారసపడటం చాలా అరుదు. అలాంటి రోజు ఒకటి ఎక్కడో ఉందని, మనం దాన్ని పోగొట్టుకున్నామని అనుకోకండి. నయం కాని జబ్బులో ఉండేవి కొన్ని రోజులు. వాటిలో ఏది ఎంచుకున్నా మనసు పక్కరోజు వైపే చూస్తుంది. ప్రాణం తీసే హక్కు మనకెక్కడిది, పాపం కదా అని అడిగేవాళ్ళతో నేను వాదించను. వాళ్ళ నమ్మకం వాళ్ళకు నిజం. నేను చూసింది చెబుతాను. నొప్పితో మూడు రాత్రులు అరిచిన కుక్క మత్తు ఎక్కగానే మెడ వాల్చి, యజమాని చేతిమీద గడ్డం ఆనించి పడుకోవడం చూశాను. అంతకుమించి నాకు తెలిసింది లేదు.

డబ్బు సంగతి ఎవరూ పైకి అనరు. ఒక ఆటో డ్రైవరు కొడుకు కోసం కుక్కపిల్ల తెచ్చాడు. ఏడు వారాల పిల్ల. అమ్మినవాడు టీకా వేయించాం అన్నాడట. ఐదో రోజుకు వాంతులు, నెత్తుటి విరేచనాలు. పార్వో. 1978 ప్రాంతంలో తలెత్తి ప్రపంచమంతా పాకిన వైరస్ ఇది. రోజుల తరబడి సెలైన్ ఎక్కించాలి, అయినా బతుకుతుందన్న హామీ లేదు. రెండు రోజుల తర్వాత అతను రాలేదు. వారం తర్వాత ఒంటరిగా వచ్చి, "డబ్బు లేక చంపుకున్నాను మేడం" అన్నాడు. నేనేం చెప్పాలి? ఇంట్లో బియ్యానికి, కుక్కపిల్ల సెలైనుకు మధ్య ఎంచుకోవాల్సి వచ్చిన మనిషి దోషి ఎలా అవుతాడు? అతను ఆ పిల్లను ప్రేమించలేదని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. ఆ రోజు అతను అడగకపోయినా చెప్పింది ఒకటుంది. "వెంటనే ఇంకొక పిల్లను తేవద్దు" అని.

ఎందుకంటే చుట్టూ ఉన్నవాళ్ళు ఇచ్చే మొదటి సలహా అదే. "పోతే పోయిందిలే, ఇంకోటి తెచ్చుకో." మనసుకు ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. పార్వోతో పిల్ల పోయిన ఇంట్లో అది ప్రాణాంతకం కూడా. ఆ వైరస్ నేలమీద, గోనెపట్టాల్లో, పెరటి మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా బతికి ఉంటుంది. మామూలు సబ్బుకు చావదు, బ్లీచింగ్ ద్రావణం కావాలి. ఎనిమిది వారాల లోపు మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి, పదహారు వారాల వయసు దాకా టీకాలు పూర్తయిన పిల్ల అయితే తప్ప ఆ ఇంట అడుగుపెట్టకూడదు. దుఃఖం తట్టుకోలేక పదిరోజుల్లో రెండో పిల్లను తెచ్చి, దాన్ని కూడా పోగొట్టుకున్న ఇళ్ళు నేను చూశాను. రెండో చావుకు వాళ్ళ దగ్గర కన్నీళ్ళు కూడా మిగల్లేదు.

మనిషి పోతే బంధువులు వస్తారు, పరామర్శ ఉంటుంది, పదకొండో రోజు, పన్నెండో రోజు అని దుఃఖానికి ఒక నడక ఉంటుంది. కుక్క పోయిన ఇంటికి ఎవరు వస్తారు? మర్నాడు ఆఫీసుకు వెళ్ళాలి. కళ్ళు ఎందుకు ఎర్రగా ఉన్నాయని అడిగితే నిద్రలేదని చెప్పాలి. సమాజం గుర్తించని ఇలాంటి శోకానికి కెన్నెత్ డోకా అనే ఆచార్యుడు 1989లో ఒక పేరు పెట్టి చర్చకు తెచ్చాడు. ఏడ్చే హక్కు దొరకని దుఃఖం అని నేను దాన్ని తెలుగులో చెప్పుకుంటాను.

ఇదంతా పట్నవాసపు కొత్త వేషం అనేవాళ్ళు కొందరున్నారు. నా చిన్నప్పుడు మా నాన్నగారి ఎద్దు చనిపోయింది. దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొత్త పంచె కప్పి మా చేలోనే పూడ్చారు. ఊళ్ళోవాళ్ళు వచ్చి అరుగుమీద కూర్చుని, దాని పనితనం చెప్పుకుని వెళ్ళారు. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు, పక్కింటివాళ్ళు అన్నం తెచ్చారు. ఇంకా వెనక్కి వెళ్ళాలంటే కర్ణాటకలో మండ్య జిల్లా ఆతకూరులో దొరికిన శాసనం ఉంది, క్రీ.శ. 949-950 నాటిది. గంగవంశపు రాజు బూతుగుడి దగ్గర మణలేరుడనే వీరుడు ఉండేవాడు. యుద్ధంలో అతని సాహసానికి మెచ్చి ఏం కావాలో కోరుకోమంటే, కాళి అనే వేటకుక్కను అడిగి తెచ్చుకున్నాడు. అది అడవిపందితో పోరాడి, పందిని చంపి తానూ చనిపోయింది. దాని కోసం రాయి నిలబెట్టించి, ఆ రాతికి పూజ జరగడానికి భూమి ఇచ్చారు. కుక్కా పందీ తలపడుతున్న బొమ్మ ఆ రాతిమీద ఉంది. వెయ్యేళ్ళ కిందట ఒక యోధుడు తన కుక్క కోసం ఏడ్చి, ఆ ఏడుపును రాతిలో చెక్కించాడు. మీరు ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు.

అంత్యక్రియల గురించి అడుగుతుంటారు కనుక, హైదరాబాద్ నాగోల్ దగ్గర ఫతుల్లాగూడలో పెంపుడు జంతువుల దహనవాటిక ఉంది. సొంత స్థలం ఉన్నవాళ్ళు లోతుగా గొయ్యి తీసి పూడ్చుకోవచ్చు. పిల్లలను దూరంగా పంపేయకండి. నిద్రపోయింది, ఊరెళ్ళింది అని చెప్పకండి. ఐదేళ్ళ లోపు పిల్లలకు చావు అంటే తిరిగి రాకపోవడం అని ఇంకా పూర్తిగా తెలియదు. నిద్రపోయింది అంటే రాత్రి పడుకోవడానికి భయపడతారు. "చనిపోయింది, ఇక రాదు, నాకూ ఏడుపొస్తోంది" అని చెబితే చాలు. నేనేమైనా చేశానా అని వాళ్ళూ అనుకుంటారు, అడగండి. తోక లాగినందుకే పోయిందని నమ్మిన పిల్లవాడిని నేను చూశాను. ఇంట్లో రెండో జంతువు ఉంటే అది వెతుకుతుంది, తిండి తగ్గిస్తుంది. కుక్క అయితే కొంత ఆగి చూడవచ్చు. పిల్లి రెండు మూడు రోజులు పూర్తిగా తినకపోతే దాని కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి వస్తుంది. ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

ఇప్పుడు, దాటవేయను అన్న సంగతి.

2009 మే నెల. మా ఇంట్లో సిరి అనే ఆడకుక్క ఉండేది, ఎనిమిదేళ్ళది. గర్భసంచి తీసే ఆపరేషన్ చేయించలేదు. ఎందుకు చేయించలేదంటే, రేపు, వచ్చే నెల అనుకుంటూ గడిచిపోయింది. ఊరందరి కుక్కలకూ చేశాను. నేను గాలికుంటు టీకాల పనిమీద వేరే మండలంలో ఉన్నాను. మా అత్తగారు ఫోను చేసి, "ఈ మధ్య ఇది నీళ్ళు తెగ తాగుతోందమ్మా" అన్నారు. "ఎండలు కదా అత్తయ్యా" అన్నాను. నా వెనక గేదెలు వరుసలో ఉన్నాయి.

ఎదకు వచ్చిన నెల, రెండు నెలల లోపు ఆడకుక్క నీళ్ళు ఎక్కువ తాగుతోందంటే గర్భసంచిలో చీము పట్టిందేమో చూడాలి. ఇది నేను పరీక్షల్లో రాసిన జవాబు. సిరి ఎదకు వచ్చి అప్పటికి ఆరు వారాలు. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే తెలిసేది. నాలుగో రోజు ఇంటికి వచ్చాను. రాత్రే ఆపరేషన్ చేశాం. తెల్లవారకముందే పోయింది.

ఇక్కడ నేను కారణం, దోషం అంటూ విడదీసి తప్పించుకోలేను. నాకు తెలుసు. పట్టించుకోలేదు. నిజంగా తప్పు ఉన్నచోట ఏం చేయాలని మీరు అడిగితే, నేను చేసింది చెప్పగలను. ఆ తప్పును దాని కొలతకు తగ్గించాను. ఎనిమిదేళ్ళు దాన్ని పెంచిన మనిషిని నేనే. ఒక ఫోనులో ఒక ప్రశ్న అడగనిదాన్నీ నేనే. రెండోది మొదటిదాన్ని తుడిచేయడానికి ఒప్పుకోలేదు. ఒప్పుకోవడానికి ఏళ్ళు పట్టింది. ఆడకుక్క గురించి ఎవరు ఫోను చేసినా, చెవిలో పురుగు పడిందని చేసినా సరే, నీళ్ళు ఎంత తాగుతోంది, ఎద ఎప్పుడు అని అడగడం అప్పటినుంచి మానలేదు. ఆ ప్రశ్న వల్ల టేబుల్ మీదికి సమయానికి వచ్చిన కుక్కలు ఉన్నాయి. సిరి లెక్క వాటితో సరిపోదు. సరిపోవాలని కూడా అడగను.

ఒకటి మాత్రం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అది పోయిన ఆరేళ్ళకు మా అత్తగారు ఒక రాత్రి కూరగాయలు తరుగుతూ, ఉన్నట్టుండి కత్తిపీట పక్కన పెట్టేశారు. "నేను ఇంకోసారి గట్టిగా చెప్పి ఉండాల్సిందమ్మా. నువ్వు పనిలో ఉన్నావని ఊరుకున్నాను. దాన్ని నేనే పోగొట్టాను" అన్నారు. ఆరేళ్ళు ఒకే వంటింట్లో, పక్కపక్కన నిలబడి, ఒకే చావును ఇద్దరం విడివిడిగా మోశాం. నేను వైద్యురాలిని, ఆమెకు నేనేమీ చెప్పలేదు. నేను బాధపడతానని ఆమె నాకు చెప్పలేదు. ఇంటికి వెళ్ళాక, మీ ఇంట్లో ఇంకెవరు దీన్ని మోస్తున్నారో ఒకసారి అడగండి. మాట్లాడనివాళ్ళను ముందు అడగండి.

వారాలు గడిచినా నిద్ర, తిండి కుదరకపోతే, తానూ పోతే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంటే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోను చేయండి. తెలుగులో మాట్లాడతారు. కుక్క కోసమా అని అక్కడ ఎవరైనా అంటే, అవును, కుక్క కోసమే అని చెప్పండి.

ఇక ఫైళ్ళు తెచ్చుకున్నవాళ్ళు. ఆ కిటికీ పక్కన బల్ల వేయించారు. చీకటి పడేదాకా నాకు వేరే పని లేదు. ఒక్కొక్కరుగా రండి. రక్తపరీక్షలు, మందుల చీటీలు, చివరి రోజు తీసిన వీడియో ఉంటే అదీ తీసుకురండి. మొదటి రోజు నుంచి చెప్పండి. నాకు తెలిసినంత చూసి, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఆ మూల కూర్చున్న బాబూ, మీరు ఇందాకటినుంచి గొలుసు పిడికిట్లో పట్టుకునే ఉన్నారు. ముందు మీరు రండి.